సోమరులు కారు

"ఈ పుస్తకం రాసిన మహానుభావుడు ఎవరు?"

ఆసుపత్రి సమాచార విభాగం అది. చిన్న గది, ముగ్గురికి సరిపడా బల్లలు. ఇద్దరు మూడోవాడి వైపు చూశారు. మూడోవాడు లేచి నిలబడ్డాడు.

"నేనేనండి."

"మీరేనా? తల నెరిసినవాళ్ళెవరో అనుకున్నాను. ఇంత తెలివితక్కువ పనికి ఈ వయసు చాలన్నమాట."

బయట వాన. ఆమె జుట్టు తడిసి నుదుటికి అతుక్కుని ఉంది. చేతిలో గొట్టంలా చుట్టిన చిన్న పుస్తకం. దాంతో ఒకటి వేస్తుందేమోనని అతను వెనక్కి జరిగాడు. ఆ కంగారులోనూ ఆమె కళ్ళు పెద్దవని గమనించాడు. వయసు అలాంటిది. ఆమె తరువాత చెప్పిన మాట విన్నాక, గమనించినందుకు సిగ్గుపడ్డాడు.

"మధ్య పేజీ తీయండి. పైకి చదవండి."

"నాకు గుర్తుందండి."

"మీకు గుర్తుందో లేదో నాకనవసరం. మీ గొంతుతో వినాలని ఉంది. చదవండి."

అతను చదివాడు.

"సైనికులే సోమరులైతే? మన రక్తంలో టీ కణాలనే సైనికులు ఉంటారు. శత్రువును పట్టి చంపడం వారి పని. రక్త క్యాన్సర్ సోకిన వారిలో ఈ సైనికులు సోమరులైపోతారు. సమరం మాని సుఖంగా నిద్రపోతారు. ఆ సోమరులను బయటికి తీసి, శిక్షణ ఇచ్చి, మళ్ళీ సమరానికి సాగనంపడమే ఈ సరికొత్త చికిత్స."

"ఎన్ని 'స'లు పడ్డాయో లెక్క చూసుకున్నారా?"

చూసుకున్నాడు. రాసిన రోజు పక్క బల్లవాళ్ళకు కూడా వినిపించాడు. వాళ్ళు శభాష్ అన్నారు.

"మా నాన్నకి ఆ జబ్బు," అంది ఆమె. "ఈ చికిత్స చేయాలన్నారు. మందులతో ఇప్పుడు జబ్బు కాస్త అణిగి ఉంది, ఆ కణాలు ఇప్పుడే తీయాలి, జబ్బు మళ్ళీ లేస్తే పనికొచ్చేవి దొరక్కపోవచ్చు అన్నారు డాక్టరుగారు. నిన్నటిదాకా నాన్న సరే అన్నాడు. నిన్న ఎవరో మీ పుస్తకం ఇచ్చారు. చదివాడు. ఇవాళ వద్దంటున్నాడు."

"ఎందుకండీ?"

"ఎందుకా! ఆయన డ్రైవింగ్ స్కూలు పెట్టినప్పటి నుంచి ఒక్క పూట మూయలేదు. అలాంటి మనిషి ఒంట్లో సోమరులున్నారని రాశారు మీరు. 'బద్ధకస్తుడికి ఎంత నేర్పినా స్టీరింగ్ రాదమ్మా, నా ఒంట్లో ఉన్నవి ఆ బాపతైతే వాటికి శిక్షణ దండగ' అంటున్నాడు. ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

ఆమె గొంతు కొంచెం తగ్గించింది.

"నిజం చెప్పండి. మీరు ఒకటి రాస్తే పైవాళ్ళు మార్చారా?"

తప్పించుకోవడానికి దారి చూపించిందామె. సెక్షన్ హెడ్ పక్క గదిలోనే ఉన్నాడు. ఆయన మీదికి నెట్టేస్తే సరిపోయేది.

"లేదండి. నేనే రాశాను. డాక్టర్లు ఇచ్చిన కాగితంలో అలసిపోయిన కణాలు అనే ఉంది. సైనికులు అన్నాక సోమరులు అంటే వినడానికి బాగుంటుందని..."

"ఎవరికి బాగుంటుంది?"

ఒళ్ళు బాగున్నవాళ్ళకు బాగుంటుంది. రోగి ఆ మాట దగ్గర ఆగి, తన ఒంటిని తానే తిట్టుకుంటాడని ఆ గదిలో ఎవరికీ తట్టలేదు. తట్టనివాళ్ళే ఇలాంటివి రాస్తారు. వాళ్ళకే ఈ ఉద్యోగాలు దొరుకుతాయి.

"నేను వచ్చి ఆయనతో మాట్లాడతాను," అన్నాడు.

"రండి. కారు కిందే ఉంది."

కారు నెత్తిన డ్రైవింగ్ స్కూలు బోర్డు ఉంది. ఆమె స్టీరింగ్ ముందు కూర్చుంది. అతను పక్క సీట్లో కూర్చుని, కారు రోడ్డెక్కాక హాయిగా కాళ్ళు చాపాడు. కారు కీచుమని రోడ్డు మధ్యలో ఆగింది. వెనక హారన్లు మొదలయ్యాయి.

"కాళ్ళు ముడుచుకోండి! బ్రేకు తొక్కారు."

"బ్రేకు మీ వైపు కదండీ ఉండేది?"

"నేర్పేవాళ్ళ వైపు కూడా ఒకటి ఉంటుంది. పుస్తకాలు రాసేవాళ్ళ పక్కన కూడా ఒకటి పెట్టించాలి."

ఆ స్కూల్లో నేర్చుకునేవాళ్ళు ఆమెను బ్రేకు మేడం అంటారని అతనికి తరువాత తెలిసింది. పేరు పెట్టినవాడెవడో గాని, మాట తెలిసినవాడు.

"ఇప్పుడు చెప్పండి. ఆ కణాల సంగతేంటి? 'స' లేకుండా."

"అవి తెల్ల రక్తకణాల్లో ఒక రకమండి. ఒళ్ళంతా తిరుగుతూ, చెడిపోయిన కణాలు కనబడితే చంపుతాయి. క్యాన్సర్ కణాలు వాటికి దొరక్కుండా దాక్కుంటాయి. దొరికినా, ఆగిపొమ్మని వాటికే సంకేతాలు పంపుతాయి. అయినా ఇవి వదలవు. విడుపు లేకుండా చేసి చేసి, చివరికి..."

"అలసిపోతాయి."

"అవునండి."

"అంటే మొదట్నుంచీ పనిలోనే ఉన్నవాటిని పట్టుకుని మీరు సోమరులన్నారు."

"అన్నాను."

ఆమె గేరు మార్చిన తీరుకు కారు మూలిగింది.

డ్రైవింగ్ స్కూలు ముందు గదిలో ఒక పెద్ద బల్ల. దాని మీద రోడ్లు, మలుపులు, చౌరస్తాలు రంగులతో గీసి ఉన్నాయి. వాటి మీద బొమ్మ కార్లు. బల్ల వెనక కుర్చీలో ఆమె తండ్రి. అందరికీ ఆయన మాస్టారు. చొక్కా భుజాల మీంచి జారుతోంది. ఒకప్పుడు ఆ చొక్కా ఆయనకు సరిపోయి ఉండాలి. ఎదురుగా ఆయన అన్న, అంటే ఆమె పెదనాన్న, ఫ్లాస్కు మూత తిప్పుతున్నాడు.

"రా అమ్మా. మీ నాన్నకి టీ తెచ్చాను. టీ కణాలు నీరసించాయంట కదా."

"పెదనాన్నా, ఆ టీ వేరు."

"ఏ టీ అయితేనేం, తాగితే హుషారొస్తుంది. నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను, పొద్దున్నే లేచి నడవరా అని. విన్నాడా? ఇప్పుడు పుస్తకంలోనే వేశారు, సోమరితనం అని. అంతా మనసులోనే ఉంటుందిరా తమ్ముడూ. ధైర్యంగా ఉండు."

రోగి పక్కన కూర్చుని ధైర్యం చెప్పేవాళ్ళకు ఎక్కడా కొదవ లేదు. దానికి చదువక్కర్లేదు. రక్తం ఇవ్వక్కర్లేదు. చెప్పి, తెచ్చిన టీ తామే తాగి, ఇంటికి పోయి పడుకోవచ్చు. తన ధైర్యం చాలకే రోగం ముదిరిందేమోనని మేలుకుని ఉండేది రోగి ఒక్కడే.

"ఈయనెవరు?" అన్నాడు మాస్టారు.

"ఆ పుస్తకం రాసినాయన నాన్నా."

మాస్టారు కళ్ళజోడు పైనుంచి చూశాడు.

"డ్రైవింగ్ వచ్చా?"

"రాదండి."

"ఎందుకు రాదు?"

"నేర్చుకోలేదండి."

"బద్ధకమా?"

పెదనాన్న పకపక నవ్వాడు. అతను తల దించుకున్నాడు.

"మాస్టారూ, ఆ మాట తప్పండి. అసలు సంగతి..."

"మాటలు తరవాత. ముందు బండి తీసుకుని మన వీధి చివరి చౌరస్తా అవతలికి వెళ్ళు. మధ్యలో ఇంజన్ ఆగకూడదు. అప్పుడొచ్చి నా ఒంటి గురించి మాట్లాడు. అమ్మాయ్, వీడికి నేర్పు."

"నాన్నా, టైము లేదు!"

"నాకు లేదు. వీడికి బోలెడుంది."

మర్నాటి నుంచి పాఠాలు మొదలయ్యాయి. ఆఫీసుకు ముందు కొంతసేపు, ఆఫీసు అయ్యాక కొంతసేపు.

"క్లచ్ నొక్కండి. గేరు వేయండి. ఇప్పుడు క్లచ్ మెల్లగా వదలండి. మెల్లగా. మెల్లగా అన్నానా!"

బండి కప్పలా గెంతి ఆగిపోయింది.

"రాసేటప్పుడు కూడా ఇలాగే గెంతుతారా రచయితగారూ?"

"రాసేటప్పుడు పక్కన మీరు లేరు కదండీ."

"ఉంటే?"

"ఇంకా గెంతేవాణ్ణి."

ఆమె నవ్వబోయి, కిటికీ వైపు తిరిగింది. పక్క అద్దంలో ఆ నవ్వు దొరికిపోయింది. అతను అద్దం చూస్తుండగా బండి మళ్ళీ ఆగింది.

"రోడ్డు చూడండి! అద్దం వెనకొచ్చేవాళ్ళ కోసం."

ఒక సాయంత్రం వాన గట్టిగా పట్టుకుంది. చౌరస్తాకు కొంచెం ఇవతల బళ్ళు బారులు తీరాయి. అతను క్లచ్ మీద కాలు ఆనించి కూర్చున్నాడు.

"కాలు తీయండి. ఊరికే అలా ఆనించి ఉంచితే ప్లేటు అరిగిపోతుంది."

"అరిగితే?"

"ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది, బండి లాగదు."

"అదే!" అతను స్టీరింగ్ మీద చరిచాడు. హారన్ మోగింది. ముందు స్కూటర్ మీద ఉన్నాయన వెనక్కి తిరిగి ఏదో తిట్టాడు. "అదేనండీ! బండి లాగకపోతే బండి సోమరి అనం కదా, ప్లేటు అరిగిందంటాం. విప్పుతాం, మారుస్తాం, మళ్ళీ బిగిస్తాం. మాస్టారికి ఇలా చెబితే ఇట్టే అర్థమైపోతుంది!"

"ఆపండి."

"ఆగే ఉందండి."

"బండి కాదు, మీరు." ఆమె గొంతు మారింది. "మొన్న సైనికులన్నారు. ఇవాళ క్లచ్ ప్లేటంటున్నారు. రేపు ఇంకోటి దొరుకుతుంది మీకు. ప్లేటు అరిగితే తప్పెవరిది? నడిపినవాడిది. అంటే తిరిగి తిరిగి మళ్ళీ మా నాన్నదే తప్పు. ఆయన ఒంటిని ఒక్కసారి ఒళ్ళులాగా చూడలేరా మీరు?"

వైపర్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. ముందు బళ్ళు కదిలిపోయాయి. వెనకవాళ్ళు హారన్లతో చెవులకు తూట్లు పొడుస్తున్నారు.

"మరి ఎలా చెప్పమంటారు?" అన్నాడు అతను.

"ఉన్నది ఉన్నట్టు. తెలియనిది తెలియదని. అంత కష్టమా?"

"కష్టమేనండి. ఇంతవరకూ నన్నెవరూ అలా అడగలేదు." అతను ఆమె వైపు తిరిగాడు. "మీకు కోపం వచ్చినప్పుడు..."

"అందంగా ఉంటానా? ఆ మాట అంటే వానలో దింపేస్తాను."

"కాదండి. కరెక్టుగా ఉంటారు."

ఆమె సీటు బెల్టు సరిచేసుకుంది.

"బండి తీయండి," అంది. తీశాడు. చౌరస్తా మధ్యలో ఇంజన్ ఆగింది.

అతను సెక్షన్ హెడ్ దగ్గరికి వెళ్ళాడు. ఆ పేజీ మార్చాలన్నాడు. కొత్త శీర్షిక కాగితం మీద రాసి చూపించాడు.

"సోమరులు కారు," అని చదివాడు సెక్షన్ హెడ్. "ఏం కారు? అంబులెన్సా?"

"వాళ్ళు సోమరులు కాదు అని సార్."

"పంచ్ లేదయ్యా. పాతదే బాగుంది. అందరూ మెచ్చుకున్నారు."

"రోగులు మెచ్చుకోలేదు సార్. ఒకాయన చికిత్సే వద్దంటున్నారు."

"ఒకాయన కోసం అచ్చయిన పుస్తకాలన్నీ పారేస్తామా? ఆయనకి కౌన్సెలింగ్ ఇప్పించు. ధైర్యంగా ఉండమను. పుస్తకాల జోలికి మాత్రం వెళ్ళకు, ఉద్యోగం ఉండదు."

ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా ఇదే మాట అంటారు. ఆ కుర్చీ నుంచి చూస్తే మనుషులు చాలా చిన్నగా, కట్టలు కట్టలుగా కనబడతారు.

అతను స్టాండులన్నీ తిరిగి పుస్తకాలు పోగు చేశాడు. లోపల బీరువాలో ఉన్నవీ తెచ్చాడు. అందరికీ కనబడేలా రోగులు వేచి ఉండే హాల్లోనే కూర్చున్నాడు. నల్ల మార్కర్ పెన్నుతో ఒక్కో పుస్తకంలో ఆ మాట కొట్టేసి, పైన 'అలసిపోయినవి' అని రాయడం మొదలుపెట్టాడు. తండ్రి రక్తపరీక్ష కాగితాల కోసం వచ్చిన ఆమె, అతన్ని చూసి ఆగింది.

"ఏంటిది?"

"ఉద్యోగం పోగొట్టుకుంటున్నానండి."

ఆమె పక్కన కూర్చుంది. "నాకో పెన్నివ్వండి."

మోచేతులు తగులుతున్నాయి. ఇద్దరూ జరగలేదు.

"మీ చేతిరాత ఘోరంగా ఉంది," అంది.

"మీ డ్రైవింగ్ పాఠాల కంటేనా?"

"పాఠాలకేం, బంగారంలాంటి పాఠాలు. నేర్చుకునేవాడే..."

"బద్ధకస్తుడు అనండి, పర్లేదు."

"అనను," అంది. ఈసారి నవ్వు దాచుకోలేదు.

ఎదురు కుర్చీలో ఒక పెద్దాయన ఉన్నాడు. ఒళ్ళో మందుల సంచి. చాలాసేపటి నుంచి వీళ్ళనే చూస్తున్నాడు.

"ఏం కొట్టేస్తున్నారు?"

"ఒక తప్పు మాటండి," అన్నాడు అతను.

పెద్దాయన ఒక పుస్తకం తీసుకుని కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. "సోమరులు. ఇది తప్పా?"

"తప్పండి. అలసిపోయినవి అని ఉండాలి."

"నేనిది చదివే మా ఆవిణ్ణి మంచం మీంచి లేపాను," అన్నాడు పెద్దాయన. "నీ బద్ధకమే నీ రోగం, లేచి నడువు అన్నాను. కావాలంటే చూసుకో, ఆసుపత్రివాళ్ళే వేశారు అని పేజీ తీసి చూపించాను. ఎదురు చెప్పలేదు. లేచింది. గోడ పట్టుకుని నడిచింది."

ఇద్దరి పెన్నులూ ఆగిపోయాయి.

"ఇప్పుడావిడ ఎలా..." అంది ఆమె.

"మిగిలిన మందులు తిరిగి ఇచ్చేద్దామని వచ్చాను."

అతను లేచి నిలబడ్డాడు. "ఆ మాట రాసింది నేనేనండి. నన్ను క్షమించండి."

పెద్దాయన అతన్ని పైనుంచి కిందికి చూశాడు.

"క్షమించను," అన్నాడు. "చిన్నవాడివి. మంచివాడిలాగే ఉన్నావు. అయినా క్షమించను. కూర్చో. కొట్టెయ్."

అతను కూర్చున్నాడు. చివరి పుస్తకం దాకా ఆయన అక్కడే ఉన్నాడు. తరువాత సంచి తీసుకుని వెళ్ళిపోయాడు. ఆయన చేసింది సరైన పనే. అడగ్గానే క్షమించడం మంచితనమని ఎవరో అందరికీ నేర్పిపెట్టారు. గోడ పట్టుకుని నడిచిన మనిషి వచ్చి చెప్పాల్సిన మాట అది. ఆమె రాదు.

బ్రేకు మేడం తన పెన్నుకు మూత పెట్టింది. అతని చేతిలోంచి పెన్ను తీసుకుని దానికీ మూత పెట్టింది. అతని ముఖం వైపు చూడలేదు. చూడకపోవడమే మర్యాద అనుకుంది.

సాయంత్రానికి అతని ఉద్యోగం పోయింది.

మర్నాడు పొద్దున్నే అతను డ్రైవింగ్ స్కూలుకు నడిచి వెళ్ళాడు. అప్పటికే డాక్టరు కబురు పంపింది. జబ్బు మళ్ళీ లేచే సూచనలు కనబడుతున్నాయి, తీస్తే ఈ వారమే తీయాలి, ఆ తరువాత తన చేతుల్లో ఉండదు అంది. ఆమె ఆ సంగతి తండ్రికి చెప్పి, బల్ల పక్కన రాయిలా నిలబడి ఉంది. పెదనాన్న ఫ్లాస్కుతో సహా హాజరై ఉన్నాడు.

"చౌరస్తా దాటావా?" అన్నాడు మాస్టారు.

"లేదండి. వెళ్ళిన ప్రతిసారీ ఆగిపోయింది."

"మరెందుకొచ్చావ్?"

"మీరిచ్చిన పరీక్ష తప్పానండి. అయినా చెప్పాల్సింది చెప్పకుండా ఉండలేను. తిట్టాలంటే చెప్పాక తిట్టండి."

"విన్నావా తమ్ముడూ," అన్నాడు పెదనాన్న. "పట్టుదల అంటే ఇదీ. నువ్వూ ఇలా ధైర్యంగా..."

"అన్నయ్యా, నువ్వు కాసేపు బయట నడువు. నడక ఒంటికి మంచిది."

పెదనాన్న ఫ్లాస్కు చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

"చెప్పు," అన్నాడు మాస్టారు.

అతను చెప్పాడు. పోలిక ఒక్కటీ తేలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, ఒక్కో వాక్యం తూచి చెప్పాడు. మీ టీ కణాలు పని మానలేదు. జబ్బు మొదలైన రోజు నుంచీ చేస్తూనే ఉన్నాయి. చేసి చేసి అలసిపోయాయి. వాటిలో కొన్నిటిని యంత్రంతో తీస్తారు. క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టే కొత్త భాగం ఒకటి ల్యాబులో వాటికి చేరుస్తారు. సంఖ్య పెంచి మళ్ళీ మీకే ఎక్కిస్తారు.

"పనిచేస్తుందా?"

"చాలామందికి చేసింది. అందరికీ కాదు. కొందరికి జబ్బు తగ్గి మళ్ళీ వచ్చింది."

"ప్రమాదమా?"

"ఎక్కించాక జ్వరం వస్తుంది. గట్టిగా రావచ్చు. బీపీ పడిపోవచ్చు. కొందరు మాట్లాడుతూ తడబడతారు, మనుషుల్ని పోల్చుకోలేరు. డాక్టర్లు కాచుకుని ఉంటారు, మందులున్నాయి. అయినా ప్రమాదమే."

"మీ పుస్తకంలో ఇవేవీ లేవే?"

"లేవండి. ఉండాల్సింది."

మాస్టారు బల్ల మీది బొమ్మ కారును వేలితో అటూ ఇటూ జరిపాడు. తరువాత మెల్లగా అడిగాడు. కూతురి ముందు ఇన్నాళ్ళూ అడగనిది అడిగాడు.

"ఇది నా వల్ల వచ్చిందా?"

"కాదండి."

"రోజంతా కూర్చునే పని. వేళకి తినలేదు. నడవలేదు. మా అన్న అన్నట్టు..."

"కాదండి. మీరు చేసినందుకూ రాలేదు, చేయనందుకూ రాలేదు. ఎందుకు వచ్చిందో డాక్టర్లకి కూడా పూర్తిగా తెలియదు."

"తప్పు ఎవరిదీ కాదంటావా?"

"ఎవరిదీ కాదండి."

మాస్టారు బల్ల మీద గట్టిగా కొట్టాడు. బొమ్మ కార్లు ఎగిరి పడ్డాయి.

"ఎవరిదీ కాకపోతే నేనెవరి మీద అరవాలిరా? చెప్పు! ఇన్నాళ్ళూ నన్ను నేనే తిట్టుకుంటున్నాను. ఇప్పుడు నన్ను కూడా తిట్టుకోవద్దంటావా?"

"నన్ను తిట్టండి."

మాస్టారు తిట్టాడు. అతన్ని తిట్టాడు, పుస్తకాన్ని తిట్టాడు, సూదుల్ని, ఆసుపత్రి కుర్చీల్ని, అన్న తెచ్చే చక్కెర పానకంలాంటి టీని తిట్టాడు. కోపం ఆయన బుగ్గలకు కొంచెం రంగు తెచ్చింది. ఆమె ఆపలేదు. తండ్రి గొంతు ఆ స్థాయిలో విని చాలా రోజులైంది. కళ్ళు తుడుచుకుంటూ నిలబడింది.

ఆయాసం తీరాక అన్నాడు.

"అమ్మాయ్, డాక్టరమ్మకి ఫోన్ చెయ్. తీసుకోమను."

కణాలు తీసే రోజు యంత్రం ఒక చేతి నుంచి రక్తం లాగి, కావలసినవి ఉంచుకుని, మిగిలింది రెండో చేతికి పంపింది. చివరికి చిన్న సంచిలో లేత రంగు ద్రవం మిగిలింది. "ఇంతేనా?" అన్నాడు మాస్టారు, అవమానం జరిగినట్టు. ల్యాబు నుంచి అవి తిరిగి రావడానికి వారాలు పట్టింది. ఈలోగా అతనికి పాఠ్యపుస్తకాలు అచ్చువేసే చోట తప్పులు దిద్దే పని దొరికింది.

కణాలు ఎక్కించాక జ్వరం వచ్చింది. వస్తుందని చెప్పినట్టే వచ్చింది. మాస్టారు కళ్ళు మూసుకుని, పిలిస్తే పలకకుండా పడుకున్నాడు. లోపల నర్సు నిమిషానికోసారి బీపీ చూస్తోంది. డాక్టరు వచ్చి మందు ఇచ్చి, ఇది ఊహించిందే, చూస్తున్నాం అని వెళ్ళింది. తలుపు ఓరగా వేసి ఉంది. ఇద్దరూ బయట బెంచీ మీద కూర్చున్నారు. కిటికీ అవతల సన్నగా వాన.

"వస్తుందని ముందే చెప్పారు," అంది ఆమె. "అయినా భయమేస్తోంది."

"వేస్తుంది."

"ధైర్యంగా ఉండమని అనరా?"

"అనను."

ఆమె అతని వైపు తిరిగింది. "ఇంకేం అంటారు మరి?"

"ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నారు కదా. మీరంటే నాకు ఇష్టం. చాలా ఇష్టం. తెలియనిది తెలియదని కూడా చెప్పమన్నారు. నేనంటే మీకేమనిపిస్తుందో నాకు తెలియదు."

"ఇప్పుడా చెప్పేది!" ఆమె గొంతు లేచింది. "నాన్న లోపల అలా పడి ఉంటే ఇప్పుడా! మీకు సమయం, సందర్భం ఏమైనా ఉన్నాయా? ఒకసారి రాయకూడని మాట రాస్తారు, ఇంకోసారి చెప్పకూడని వేళ చెబుతారు!"

"తరవాత చెబుతాను పోనీ."

"ఒకసారి చెప్పింది మళ్ళీ ఏం చెబుతారు? చెప్పేశారుగా!"

తిడుతూనే అతని చెయ్యి పట్టుకుంది. తిట్టడం అయిపోయింది. చెయ్యి వదల్లేదు.

"సరే అనండి, కాదనండి," అన్నాడు అతను.

"ఏదీ అనను. ఆయన లేచే దాకా ఏదీ అనను."

జ్వరం దిగింది. మాస్టారు లేచాడు. కొన్ని వారాల తరువాత ఎముక మజ్జ పరీక్ష చేశారు. డాక్టరు కాగితం పట్టుకుని ఆయన మంచం దగ్గరికి వచ్చింది. కూతురు ఒక పక్క, అతను ఒక పక్క నిలబడ్డారు.

"ఇప్పటికి జబ్బు కనబడటం లేదు మాస్టారూ. ఇప్పటికి అంటున్నాను. మళ్ళీ మళ్ళీ పరీక్షలు చేస్తూనే ఉండాలి."

"ఇప్పటికి చాలమ్మా," అన్నాడు మాస్టారు.

డాక్టరు వెళ్ళింది. ఆమె మంచం అంచున కూలబడి, తండ్రి మోకాలి మీద తల పెట్టి ఏడ్చింది. ఆయన ఆమె తల మీద చెయ్యి వేసి, అతని వైపు గుర్రుగా చూశాడు.

"ఏరా, ఎప్పుడు?"

"ఏదండీ?"

"ఏదా! నా గది బయట బెంచీ మీద మీరిద్దరూ పడ్డ గొడవంతా నేను వినలేదనుకున్నారా? నాకు వచ్చింది జ్వరం. చెవుడు కాదు. ఒక పక్క ఒళ్ళు కాలిపోతుంటే, ఇంకో పక్క మీ గోల. ప్రాణం మీదికి వచ్చిన మనిషి పక్కన మాట్లాడుకోవాల్సిన మాటలా అవి? కాస్తైనా సిగ్గుండాలి!"

ఆమె ముఖం కందిపోయింది. తల ఎత్తలేదు.

"నాన్నా!"

"నాన్నేంటే? చెప్పు. ఆయన లేచే దాకా ఏదీ అననన్నావు. లేచాను. ఇదిగో, కూర్చున్నాను కూడా. ఇంకా ఏం చూస్తున్నావ్?"

"నేనింకా సరే అనలేదు."

"అనలేదనే కదా నా బాధ! మూసిన కళ్ళు మూసినట్టే ఉంచి, ఎప్పుడంటుందా ఎప్పుడంటుందా అని ఆ జ్వరంలో ఎంతసేపు ఎదురు చూశానో తెలుసా? ఇప్పుడను. నాకు వినబడేలా అను."

ఆమె లేచింది. కళ్ళు తుడుచుకుంది. అతని ఎదురుగా వెళ్ళి నిలబడి, యుద్ధానికి వచ్చినట్టు చూసింది.

"సరే," అంది.

వార్డు చివరి మంచం దాకా వినబడేలా అంది.